మన ఎలక్షనా, మీ ఎలక్షనా

2024 ఏప్రిల్ నెలాఖరు. పద్మారావు నగర్‌లో మా వీధి మలుపు దగ్గర ప్రచారం ఆటో ఆపుకుని డ్రైవరు టీకి వెళ్లాడు. మైకు మాత్రం తన మానాన తను పాడుతూనే ఉంది. బాల్కనీ గ్రిల్లుకి మొహం ఆనించి చూస్తున్న మా తొమ్మిదేళ్లవాడు వెనక్కి తిరిగి అడిగాడు.

"అమ్మా, మీ ఎలక్షన్‌కి ఇంకా ఎన్ని రోజులుంది?"

"మీ కాదు నాన్నా, మన."

"నీకు ఓటుందా?"

"లేదు."

"అక్కకి పద్దెనిమిదేళ్లొస్తే ఉంటుందా?"

"ఇక్కడ ఉండదు."

"మరి మన అంటావేంటి?"

వాడికి తెలుగు నేర్పేటప్పుడు నన్ను ఎక్కువ ఏడిపించినవి ఈ మనం, మేముల తేడాలే. ఇంగ్లీషులో ఒక్క 'వుయ్' తో పని అయిపోతుంది, ఎదుటివాడు అందులో ఉన్నాడో లేడో చెప్పక్కర్లేదు. తెలుగులో నోరు తెరిచిన ప్రతిసారీ తేల్చుకోవాలి. "మేం సినిమాకి వెళ్తున్నాం" అని అమ్మమ్మతో అంటే ఆవిడ చీర మార్చుకోవడం మానేస్తుందని ఎన్ని ఉదాహరణలు చెప్పానో. ఇప్పుడు వాడు ఆ పాఠం నాకే అప్పజెప్పాడు.

మా సంగతి కొంచెం చెప్పాలి. 2008లో ఇంగ్లండు వెళ్లి రెడింగ్‌లో పద్నాలుగేళ్లున్నాం. పిల్లలిద్దరూ అక్కడే పుట్టారు. 2021లో నేను బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకున్నాను. మావారు "చూద్దాంలే, చూద్దాంలే" అంటూ తీసుకోలేదు. అది దేశభక్తో ఫారాలు నింపే బద్ధకమో ఇప్పటికీ తేలలేదు. మరుసటేడు నాన్న పోయాక అమ్మని ఒక్కదాన్నీ వదల్లేక హైదరాబాద్ వచ్చేశాం. కింద అమ్మ, మేడ మీద మేము. అమ్మకీ ఆయనకీ ఓట్లున్నాయి. నాకూ పిల్లలకీ ఓసీఐ కార్డులున్నాయి, విదేశీ పాస్‌పోర్టున్న భారత సంతతివాళ్లకి ఇక్కడి ప్రభుత్వం ఇచ్చేవి. ఆ కార్డుతో ఎన్నాళ్లైనా ఉండొచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు. ఓటు వెయ్యడానికి లేదు, వ్యవసాయ భూమి కొనడానికి లేదు. భూమి మాట విని మా పెద్దమ్మ "అయ్యో" అని చాలాసేపు బాధపడింది. ఓటు మాట ఎవరికీ పట్టలేదు, నాకూ పట్టలేదు.

విచిత్రమేమిటంటే, చేతిలో భారత పాస్‌పోర్టు ఉన్నన్నాళ్లూ నేను బ్రిటన్ పార్లమెంటుకి ఓటేశాను. కామన్వెల్త్ దేశాల పౌరులు అక్కడ నివాసముంటే వెయ్యొచ్చు. 2019 డిసెంబర్ 12న, సాయంత్రం నాలుగింటికే చీకటి పడే రోజుల్లో, మా పెద్దదాన్ని వెంటబెట్టుకుని చర్చి పక్క హాలుకి వెళ్లాను. చెక్క బల్ల, తాడుతో కట్టిన పెన్సిలు, పేరు పక్కన అడ్డంగా రెండు గీతలు. ఇంటూ మార్కు పెట్టి డబ్బాలో వేస్తే సరి. వేలికి సిరా లేదు, గుమ్మం దగ్గర పోలీసు లేడు. బయట ఎవరిదో కుక్క యజమాని కోసం బుద్ధిగా కూర్చుని ఉంది. "ఇంతేనా?" అంది మా అమ్మాయి, సర్కస్‌కని చెప్పి లైబ్రరీకి తీసుకొచ్చినట్టు.

అదే పాస్‌పోర్టుతో ఇక్కడ కూడా ఓటుండేది. ప్రవాస భారతీయులు ఫారం 6ఏ నింపి జాబితాలో పేరు చేర్చుకోవచ్చని 2010లోనే చట్టం మారింది. కాకపోతే ఎన్నిక రోజున స్వయంగా వచ్చి బూతులో నిలబడాలి. నేను రాలేదు, అసలు ఫారమే నింపలేదు. దానికి బదులు ప్రతి ఆదివారం మా తమ్ముడికి ఫోన్ చేసి ఎవరికెయ్యాలో, ఎందుకెయ్యాలో ఉపన్యాసాలిచ్చాను. ఒకసారి వాడికి విసుగొచ్చింది. "అక్కా, నువ్వొచ్చి నీళ్ల ట్యాంకర్ కోసం బిందె పట్టుకుని నిలబడు. అప్పుడు నువ్వు చెప్పినవాడికే వేస్తా" అన్నాడు. నేను వారం రోజులు అలిగాను. ఇప్పుడు తల్చుకుంటే అలగాల్సింది వాడు.

ఈసారి ట్యాంకర్ దగ్గర నిలబడ్డాను. ఓటే లేదు.

అలా 2024లో మా ఇంట్లో ముగ్గురు విదేశీ పరిశీలకులం తయారయ్యాం. నేను ఏ పార్టీ గురించి నోరెత్తినా మావారు చెయ్యి అడ్డంపెట్టి "విదేశీ శక్తుల జోక్యం వద్దు" అనడం మొదలుపెట్టారు. మొదటిసారి నవ్వాను.

పిల్లలు మాత్రం పరిశీలకుల పని చాలా శ్రద్ధగా చేశారు. చిన్నాడికి గుర్తుల పిచ్చి పట్టింది. చెయ్యి, పువ్వు, కారు ఒకటో రోజుకే అయిపోయాయి. ఆ తరవాత ఇండిపెండెంట్ల గుర్తుల వెంట పడ్డాడు. రోడ్డు రోలర్ గుర్తు చూడ్డానికి కారులా ఉండి తమ ఓట్లు పోతున్నాయని బీఆర్ఎస్ వాళ్లు మొత్తుకున్న సంగతి మావారు చెబితే, కాగితం మీద రెండూ గీసుకుని వీధిలో వాళ్లందరికీ పరీక్ష పెట్టాడు. ఇస్త్రీ ఆయన పాసయ్యాడు. అమ్మ కళ్లజోడు లేకుండా ఫెయిలైంది.

సికింద్రాబాద్ స్థానానికి 45 మంది పోటీ చేశారు. ఒక్కో బ్యాలెట్ యూనిట్ మీద 16 వరసలే ఉంటాయి, నోటాకి ఒకటి కావాలి, కాబట్టి మూడు యూనిట్లు పక్కపక్కన పెట్టాలి. ఈ లెక్క మా అమ్మాయి చేసింది. ఆ యంత్రాలు తయారుచేసేది దేశంలో రెండే సంస్థలనీ, ఒకటి బెంగళూరు బీఈఎల్, రెండోది మన ఈసీఐఎల్ అనీ చెబితే చిన్నాడు నమ్మలేదు. "ఈసీఐఎల్ అంటే బస్సు మీద రాసుంటుందే, అదా?" వాడి దృష్టిలో ఈసీఐఎల్ అంటే క్రాస్‌రోడ్స్, బస్సు ఆఖరి స్టాపు. అక్కడ ఏదో తయారవుతుందంటే, కోఠిలో విమానాలు చేస్తారన్నట్టు చూశాడు.

మే 13, సోమవారం. ఎండలకి భయపడి పోలింగ్ సమయం సాయంత్రం ఆరు దాకా పెంచారు. అయినా అమ్మ ఆరున్నరకే మంగళగిరి చీర కట్టుకుని, ఓటరు స్లిప్పు పర్సులో పెట్టుకుని వరండాలో కూర్చుంది. ఆవిడకి 78. ఇంటి దగ్గరే ఓటేసే వీలు 85 దాటినవాళ్లకి ఇచ్చారని మావారు చెప్పబోతే, "ఇంట్లో వెయ్యడానికి అదేమన్నా మాత్రా?" అంది.

వీధంతా బోసిపోయి ఉంది. అదే రోజు ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకీ లోక్‌సభకీ కలిపి ఎన్నికలు. రెండు రోజుల ముందు నుంచే జనం ఊళ్లకి బయల్దేరారు, పంతంగి టోల్ దగ్గర కార్ల బారులు టీవీలో చూశాం. ఎదురింటి వాచ్‌మన్ కుటుంబం శ్రీకాకుళం వెళ్లింది. పైవీధి సాఫ్ట్‌వేర్ దంపతులు గుంటూరు వెళ్లారు. మా వంటావిడ సెలవు అడగలేదు, చెప్పి వెళ్లింది. ఓటు కోసం రాత్రంతా బస్సులో నిలబడి వెళ్లేవాళ్లు వాళ్లు. నేను పద్నాలుగేళ్లలో ఒక్క టికెట్ కొనలేదు. ఆంధ్రలో 80 శాతం దాటి పోలైంది. ఇక్కడ, బూతు వీధి చివర్నే ఉన్న మా సికింద్రాబాద్‌లో, సగం కూడా రాలేదు. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంటుంది కానీ, సిగ్గుపడే హక్కు నాకుందా అన్నది వేరే సంగతి.

ప్రభుత్వ బడిలో బూతు. ఆడవాళ్ల లైను, మగవాళ్ల లైను. నేనూ పిల్లలూ గేటు బయట వేపచెట్టు కింద నిలబడ్డాం. చంకలో బిడ్డ ఉన్నావిణ్ని లోపలికి పంపారు గానీ, మావాణ్ని పోలీసు నవ్వుతూ ఆపేశాడు. అమ్మ ఇరవై నిమిషాల్లో బయటికొచ్చింది, ఎడమచేతి చూపుడువేలు పైకెత్తి పట్టుకుని, అది తడి ఆరని బొమ్మలా. గోరు మీంచి కింది చర్మం దాకా ఊదారంగు గీత.

"ఓటు వేశాక చీటీ కనిపిస్తుందటగా?"

"కనిపించింది రా. అద్దంలోంచి. ఏడు సెకన్లు."

"ఎవరి గుర్తుంది అందులో?"

"అది చెప్పకూడదు నాన్నా. ఓటంటే రహస్యం."

ఇంటికొచ్చిన పది నిమిషాల్లో విజయవాడ పిన్నికి ఫోన్ చేసి గుర్తుతో సహా చెప్పింది. మావాడు తలుపు పక్కనే ఉన్నాడు.

సిరా కావాలని ఆ రోజంతా ఏడ్చాడు వాడు. మైసూరులో తయారవుతుంది, ఓటున్నవాళ్లకే పూస్తారు అంటే, "బ్రిటన్‌లో ఉన్నా పుయ్యరు, ఇక్కడున్నా పుయ్యరు, మరి నాకెక్కడ?" అన్నాడు. మామూలు స్కెచ్ పెన్ తెచ్చుకుని తనే గీసుకున్నాడు. స్నానంలో పోయింది.

తరవాత ఇరవై రెండు రోజుల ఎదురుచూపు. ఏడు విడతలు అయ్యేదాకా లెక్కింపు ఉండదంటే పిల్లలకి మింగుడు పడలేదు. అప్పటిదాకా యంత్రాలు స్ట్రాంగ్‌రూంలో ఉంటాయి, తాళం వేసి, కాపలా పెట్టి. "ఓట్లు అన్ని రోజులు నిద్రపోతాయా?" అన్నాడు చిన్నాడు. జూన్ 4న లేచాయి. తెలంగాణలో బీజేపీకి 8, కాంగ్రెస్‌కి 8, మజ్లిస్‌కి 1, కారుకి సున్నా. బొమ్మ గీసి అందరికీ పరీక్ష పెట్టిన పార్టీకి ఒక్కటీ రాలేదని వాడు కాసేపు దిగులుపడ్డాడు.

ఈలోపే బ్రిటన్‌లో, మే 22న, వానలో గొడుగు కూడా లేకుండా తడుస్తూ నిలబడి అప్పటి ప్రధాని రిషి సునాక్ జులై 4న ఎన్నికలని ప్రకటించారు. బ్రిటిష్ పౌరురాలిగా ఈ ఎన్నికలో నాకు ఓటుంది. రెండేళ్లుగా అక్కడ కాలు పెట్టలేదు, అక్కడ ఒక్క గుంత గురించి నాకు తెలియదు, అయినా ఉంది. రోజూ తిరిగే వీధికి మాత్రం లేదు. ఇంకో మెలిక, ఒకప్పుడు నాతోపాటు చర్చి హాలులో ఓటేసిన మావారికి ఇప్పుడు అక్కడ లేదు. కామన్వెల్త్ ఓటు అక్కడ నివాసమున్నంత వరకే. "ఇప్పుడు విదేశీ శక్తి ఎవరండీ?" అన్నాను. ఆ మాట కోసం నెలన్నర ఆగాను మరి.

పోస్టల్ ఓటుకి దరఖాస్తు పెట్టాను. రెడింగ్‌లో స్నేహితురాలు "ప్రాక్సీ పెట్టెయ్, నీ తరఫున నేను వేస్తా, పోస్టుని నమ్మకు" అంది. నా చేత్తో నేనే వెయ్యాలని పట్టుబట్టాను. అభ్యర్థుల నామినేషన్లు జూన్ 7న ముగిస్తే, ఆ తరవాత కాగితాలు అచ్చయి, సముద్రాలు దాటి సికింద్రాబాద్ రావాలి, మళ్లీ జులై 4 లోపు వెనక్కి వెళ్లాలి. లెక్క తెలిసీ రోజూ పోస్టుమాన్ దారి చూశాను. రాలేదు.

జులై 5 తెల్లవారుజామున రెండున్నరకి, అంటే అక్కడ రాత్రి పదింటికి, ఎగ్జిట్ పోల్. పిల్లలు లేపమన్నారు, లేపాను. 3.45కి సండర్లండ్ దగ్గర్నుంచి మొదటి ఫలితం వచ్చింది. చేత్తో లెక్కపెట్టే కాగితాలు గంటా పావులో లెక్కపెట్టేశారు. నాలుగున్నరకి అమ్మ కాఫీలు తీసుకుని మేడ మీదికొచ్చింది.

"మనవాడు ఓడిపోయాడా?"

"ఎవరు అమ్మమ్మా?"

"అదే, నారాయణమూర్తి గారి అల్లుడు."

చిన్నాడు నా వైపు చూశాడు. సౌతాంప్టన్‌లో పుట్టినాయన, ఈవిడకి మనవాడు. రెడింగ్‌లో పుట్టినవాడికి, నేను "మన" అంటే సందేహాలు. నేను కాఫీ తాగుతున్నట్టు నటించాను.

తొమ్మిది దాటాక సునాక్ సొంత స్థానం ఫలితం వచ్చింది. ఆయన గెలిచారు, పార్టీ ఓడింది. అదే వేదిక మీద, తల మీద చెత్తబుట్ట బోర్లించుకున్న ఒక అభ్యర్థి, కౌంట్ బిన్‌ఫేస్, గంభీరంగా నిలబడి ఉన్నాడు. "ప్రధానమంత్రి పక్కన ఆ వేషమేమిటే? ఎవరూ ఏమీ అనరా?" అంది అమ్మ. ఎవరూ ఏమీ అనరు. నాకు ఆ దేశంలో బాగా నచ్చినవాటిలో అదొకటి. పిల్లలు ఆ రోజు బడి ఎగ్గొట్టారు.

లేబర్‌కి 34 శాతం ఓట్లు, 650లో 411 సీట్లు. "ఇది అన్యాయం కాదా?" అంది మా అమ్మాయి. ఇక్కడా అదే పద్ధతి, అక్కణ్నుంచి తెచ్చుకున్నదేనన్నారు మావారు. వాళ్లిద్దరి వాదన సాయంత్రం దాకా సాగింది. ఆ పాటికి అక్కడ ఒక ప్రధాని దిగిపోయి, ఇంకో ప్రధాని తలుపు తీసుకుని లోపలికి వెళ్లబోతున్నాడు. మర్నాడు పేపర్లో ఇంకో వార్త చదివి అమ్మ నిట్టూర్చింది. నార్త్ బెడ్‌ఫర్డ్‌షైర్‌లో లేబర్ తరఫున నిలబడ్డ తెలంగాణ అబ్బాయి ఉదయ్ నాగరాజు గెలవలేదు. "పాపం, మనవాళ్లిద్దరికీ కలిసిరాలేదు."

జులై 9న కవరు వచ్చింది.

నేను దాన్ని బల్ల మీద పడేసి ఊరుకున్నాను. చిన్నాడు విప్పి బ్యాలెట్ కాగితం అమ్మమ్మ ముందు పరిచాడు. "ఇది ఇంక చెల్లదు. నువ్వు వెయ్యి."

అమ్మ కళ్లజోడు పెట్టుకుంది. "గుర్తులున్నాయా?"

"ఉన్నాయి. ఇది చెట్టు, కన్సర్వేటివ్. ఇది పక్షి. ఇది గులాబీ, లేబర్."

"గులాబీ అంటే కారు పార్టీ కదరా?"

"అది ఇక్కడ!"

వాడు పెన్సిలు తెచ్చాడు. తాడు కావాలని గుర్తొచ్చి, పూలదారం ముక్క కట్టి బల్లకోడుకి ముడేశాడు. అమ్మ వాడి వైపు వీపు తిప్పి, పమిట అడ్డం పెట్టుకుని చాలాసేపు చదివింది. పెన్సిలు పట్టుకున్న కుడిచెయ్యి వణుకుతుంటే కాగితాన్ని ఎడమచేత్తో అదిమి పట్టింది. మే నెల సిరా ఆ చూపుడువేలి గోరు చివర ఇంకా సన్నగా మిగిలి ఉంది. గీత గీసి, నాలుగు మడతలు పెట్టి, ఖాళీ బిస్కెట్ డబ్బాలో వేసి మూత పెట్టింది.

"ఎవరికి వేశావు?"

"చెప్పకూడదు నాన్నా."

రాత్రి ఎనిమిదింటికి కింద నుంచి ఆవిడ గొంతు వినిపించింది. పిన్నితో. "మన రెడింగ్ ఎలక్షనేనే... అవును, నేనే వేశా. ఇదిగో, ఎవరితో అనకు..."

మావాడు చెప్పులు కూడా వేసుకోకుండా మెట్ల మీదికి పరిగెత్తాడు.