గడీ సందుగలో దంతపు బరిణె దొరికితే

గద్వాల, వనపర్తి, కొల్లాపురం సంస్థానాల నాటి ఇళ్లు విప్పుతున్నప్పుడు, నల్లగొండ వైపు పాత గడీలు కూలగొడుతున్నప్పుడు అటక మీది సందుగల్లోంచి అప్పుడప్పుడు తెల్లటి చిన్న వస్తువులు బయటపడుతుంటాయి. కుంకుమ బరిణె, పగడసాల పాచికలు, దువ్వెన, కత్తి పిడి. వయసుతో పాలమీగడ రంగుకు తిరిగి ఉంటాయి. వెంటనే వచ్చే ప్రశ్న, అమ్మితే ఎంతొస్తుంది అని. అమ్మకూడదని చెబితే వచ్చే జవాబు కూడా ఎప్పుడూ ఒకటే: "పాతదే కదా, ఆ ఏనుగు ఎన్నడో చచ్చింది". ఈ మాట ఎందుకు చెల్లదో వివరంగా రాయాలనిపించింది.

ముందు అది దంతమేనా కాదా చూసుకోవాలి. పగటి వెలుతురు, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం ఉంటే చాలు. వస్తువును అడ్డంగా కోసిన ముఖం ఎక్కడుందో వెతకండి. బరిణెకు అడుగు, పాచికకు కొస. అసలు దంతమైతే అక్కడ రెండు వైపుల నుంచి వచ్చి ఒకదాన్నొకటి దాటే సన్నటి వంపు గీతలు వలలా కనిపిస్తాయి. వీటిని ష్రెగర్ గీతలంటారు. దంతం బయటి అంచు దగ్గర ఆ గీతల మధ్య కోణం సగటున 115 డిగ్రీలకు పైన ఉంటే అది ఏనుగుది, 90కి లోపు ఉంటే మంచులో దొరికే మామత్‌ది (ఎన్నడో అంతరించిపోయిన ఏనుగు చుట్టం). నిలువు ముఖం మీద వల ఉండదు, కొద్దిగా అలలు తిరిగిన పొడుగు చారలుంటాయి. ఎముక అయితే నెత్తురు పారిన సన్నటి గొట్టాల గుర్తులు నల్లటి చుక్కలుగా, గీతలుగా తేలతాయి. ప్లాస్టిక్‌లో చారలు మరీ ఒకే తీరుగా, గీసినట్టు సమానంగా ఉంటాయి, అచ్చు అతుకు కూడా దొరకొచ్చు. అతినీలలోహిత దీపం కింద దంతం, ఎముక రెండూ నీలి తెలుపులో మెరుస్తాయి కాబట్టి ఆ దీపంతో ప్లాస్టిక్‌ను వేరు చేయొచ్చు గానీ ఎముకను వేరు చేయలేం.

సూది కాల్చి గుచ్చి చూడమని చాలామంది సలహా ఇస్తారు. ఆ పని చేయొద్దు. వస్తువు పాడవుతుంది, పైగా పాత నకిలీల్లో చాలావాటికి వాడిన సెల్యులాయిడ్ అనే పాత రకం ప్లాస్టిక్ నిప్పు తగిలితే భగ్గున అంటుకుంటుంది.

నల్లమల చుట్టుపక్కల వాళ్లకు దుప్పి కొమ్ము బాగా తెలుసు. అది ఏటా రాలుతుంది, మళ్లీ మొలుస్తుంది. (రాలిన కొమ్మునైనా అభయారణ్యం నుంచి ఇంటికి తేవడం నేరమే.) దంతం కూడా అలాగే ఊడుతుందనీ, మొదలు దాకా కోసుకున్నా ఏనుగుకు ఏమీ కాదనీ కొందరి నమ్మకం. దంతం కొమ్ము కాదు, పై వరుస పన్ను. దాదాపు మూడోవంతు పుర్రె లోపలే ఉంటుంది, ఆ భాగంలో నరం, నెత్తురు ఉంటాయి. వేటగాడికి ఆ మూడోవంతు కూడా డబ్బే. అందుకే ఏనుగును పడగొట్టి, గొడ్డలితోనో రంపంతోనో ముఖాన్ని కళ్ల దాకా తొలిచి తీస్తాడు. వేటగాళ్లు వదిలిన కళేబరానికి ముఖం ఉండదు.

మన దగ్గరి పాత వస్తువుల్లోని దంతం ఎక్కడిది? నల్లమలలో అడవి ఏనుగుల మందలు లేవు. పందొమ్మిదో శతాబ్దంలో మన దేశపు దంతపు పనికి ముడిసరుకు చాలావరకు తూర్పు ఆఫ్రికా నుంచి జాంజిబార్ దీవి మీదుగా బొంబాయికి దిగేది. ఆ వ్యాపారానికి అప్పు పెట్టినవాళ్లలో జాంజిబార్‌లో స్థిరపడ్డ కచ్ వ్యాపారులు ముఖ్యులు. టాంగన్యీకా సరస్సు ఒడ్డున ఉన్న ఉజిజి నుంచి సముద్రతీరాన ఉన్న బగమోయోకు దాదాపు 1,200 కిలోమీటర్లు. దంతాలు ఆ దూరమంతా మనుషుల భుజాల మీదే నడిచాయి. మోసినవాళ్లలో కూలికి వచ్చినవాళ్లున్నారు, బానిసలుగా పట్టుకొచ్చినవాళ్లూ ఉన్నారు. బరిణె మూత తీసేటప్పుడు ఏనుగుతో పాటు వీళ్లూ గుర్తుకు రావాలి.

ఇంత దూరం వెళ్లకపోయినా మన కళ్లముందరి కథ ఒకటుంది. వీరప్పన్ అంటే మనకు గంధపు చెక్కలే గుర్తొస్తాయి గానీ, అంతకుముందు అతను సత్యమంగలం అడవుల్లో ఏనుగులను చంపి దంతాలమ్మినవాడు. 1991 నవంబరులో అతని చేతిలో చనిపోయిన అటవీ అధికారి పి. శ్రీనివాస్ రాజమండ్రి మనిషి. 1993 ఏప్రిల్‌లో పాలార్ దగ్గర మందుపాతర పేలి 22 మంది పోయారు. దంతానికి ధర పలికినంత కాలం ఆ ధర తుపాకులు కూడా కొంటుంది.

మన ఏనుగుల్లో దంతాలు మగవాటికే ఉంటాయి. అందుకే వేట మగవాటిని ఏరి చంపింది. 1980ల చివరికి కేరళలోని పెరియార్‌లో పెద్ద మగ ఏనుగు ఒక్కటుంటే ఆడవి 100కు పైగా ఉన్న పరిస్థితి. ఏనుగు కడుపు 22 నెలలు, కాన్పుకూ కాన్పుకూ మధ్య నాలుగైదేళ్లు. పోయిన లెక్క పూడటానికి తరాలు పడుతుంది.

ఆఫ్రికాలో ఆడవాటికీ దంతాలుంటాయి కాబట్టి తల్లులూ పోతాయి, పిల్లలు అనాథలవుతాయి. మొజాంబిక్‌లోని గొరొంగోసా జాతీయ పార్కులో 1977 నుంచి 1992 దాకా సాగిన అంతర్యుద్ధంలో సైన్యాలు దంతాలమ్మి ఖర్చులు గడుపుకున్నాయి, ఏనుగులు పదింట తొమ్మిది పోయాయి. యుద్ధానికి ముందు ఆడవాటిలో నూటికి 18.5కు దంతాలు లేవు, తర్వాత 50.9కి లేవు. దంతం లేనివే బతికాయి, కూతుళ్లకు అదే లక్షణం ఇచ్చాయి. ఆ జన్యువు అందుకున్న మగ పిండాలు నిలవడం లేదని 2021లో అచ్చైన పరిశోధన సూచించింది. దంతం ఏనుగుకు పనిముట్టు. ఎండిన వాగులో ఇసుక తవ్వి నీళ్లు తీస్తుంది, ఆ గుంటలో తర్వాత జింకలూ పక్షులూ తాగుతాయి.

కళేబరం పైన రాబందులు తిరిగితే గస్తీవాళ్లకు ఆచూకీ తెలుస్తుందని వేటగాళ్లు మాంసానికే విషం పూస్తారు. 2019 జూన్‌లో బోట్స్వానాలో విషం పెట్టిన మూడు ఏనుగు కళేబరాల దగ్గర 537 రాబందులు చచ్చి పడి ఉన్నాయి. మన పల్లెల్లో రాబందు ఎలా మాయమైందో చూసినవాళ్లకు ఈ అంకె బరువు వేరే చెప్పక్కర్లేదు.

ఇక "పాతదే కదా". అంతర్జాతీయ వ్యాపారం మీద నిషేధం 1990 జనవరిలో అమల్లోకి వచ్చింది. తర్వాత, గోదాముల్లో ఉన్న పాత దంతమే కదా అని 1999లో జపాన్‌కు, 2008లో చైనా, జపాన్‌లకు అనుమతితో అమ్మారు. రెండోసారి 100 టన్నులకు పైనే. దుకాణంలో చట్టబద్ధమైన దంతం ఉంటే దాని పక్కన దొంగ దంతం చేరడం సులువు, చూపుతో రెంటికీ తేడా తెలియదు. 2007 నుంచి 2014 లోపు ఆఫ్రికా మైదాన ఏనుగులు నూటికి 30 తగ్గాయని 18 దేశాల్లో విమానాల మీద నుంచి చేసిన లెక్కింపు తేల్చింది. ఆ తగ్గుదలకు ఈ అమ్మకమొక్కటే కారణమా అన్నది నిపుణులు ఇప్పటికీ వాదించుకునే విషయం. కానీ పాత సరుకు కొత్త సరుకుకు ముసుగవుతుందన్నది నాకు అనుమానం లేని సంగతి. చైనా సైతం 2017 డిసెంబరు చివరికి తన సొంత మార్కెట్ మూసేసింది.

మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వందేళ్ల పాతదైతే అమ్మొచ్చన్న సడలింపు లేదు. దేశీ దంతం వ్యాపారం 1986 సవరణతో, దిగుమతి దంతం వ్యాపారం 1991 సవరణతో ఆగిపోయాయి. ఇంట్లో దొరికితే ముందు పాత కాగితాల్లో అటవీశాఖ ఇచ్చిన యాజమాన్య ధ్రువపత్రం ఉందేమో వెతకాలి. ఉంటే, వారసత్వంగా అందుకున్నవాళ్లు 90 రోజుల్లోగా ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడికి తెలపాలి. ఉంచుకోవచ్చు, అమ్మకూడదు. ఉంచుకోవడం ఇష్టం లేకపోతే ఏడు పనిదినాల ముందు నోటీసిచ్చి అప్పగించొచ్చు, పరిహారం రాదు. ధ్రువపత్రం లేకపోతే అది ప్రభుత్వ ఆస్తి, 48 గంటల్లోగా దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో అటవీ అధికారికో చెప్పాలి. ఆలస్యంగా ప్రకటించేందుకు 2003లో ఇచ్చిన 180 రోజుల గడువు ముగిసి చాలా ఏళ్లైంది. నేరం రుజువైతే కనీసం మూడేళ్ల జైలు.

జిల్లా అటవీ అధికారికి రాసే ఉత్తరంలో వస్తువు పొడవు, బరువు, ఫొటోలు, ఏ ఇంట్లో ఏ రోజు ఎలా దొరికిందన్నది ఉండాలి. ఇచ్చిన ఉత్తరం నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. అప్పగించేటప్పుడు పంచనామా కాపీ అడగండి. ఈలోగా వాట్సాప్‌లో ఫొటో పెట్టి ధర అడగొద్దు, అది అమ్మకానికి పెట్టినట్టు లెక్కకొచ్చే ప్రమాదం ఉంది.

పాత వీణ ఉన్నవాళ్లకు ఒక మాట. చుట్టూ ఉన్న తెల్లటి నగిషీ దంతం కావచ్చు, దుప్పి కొమ్మూ కావచ్చు. పగిలిన ముక్క అదే రకంతో అతికించమని ఎవరినీ అడగొద్దు. ఇప్పుడు వీణలు చేసేవాళ్లు ప్లాస్టిక్ రేకే వాడుతున్నారు, నాదంలో దానివల్ల తేడా ఏమీ రాదు.