అమ్మాయి చేత చెప్పించిన సారీ

ఆదివారం, రాత్రి పదకొండు

పొద్దున ఫోన్‌ని నీళ్ల సీసాకి ఆనించి పెట్టుకుని, వారం బట్టలు ఇస్త్రీ చేస్తూ మనీలా ఫైట్ మళ్లీ చూశాను. 1975 అక్టోబర్ 1, బాక్సర్లు మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్‌ల మూడో పోరు. పద్నాలుగో రౌండ్ వచ్చేసరికి ఎప్పటిలాగే ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేశాను. ఫ్రేజియర్ కుడి కన్ను వాచి మూసుకుపోతోంది. ఎడమ కంటికి అంతకుముందు నుంచే శుక్లం. అలీ కుడిచెయ్యి ఎటునుంచి వస్తోందో ఆయనకి తెలియడం లేదు. అయినా తల ఆడిస్తూ ముందుకే నడుస్తాడు. చివరి రౌండ్‌కి లేవబోతుంటే ట్రైనర్ ఎడ్డీ ఫచ్ వద్దని ఆపేశాడు. అటు మూల అలీ పరిస్థితీ అంతంతమాత్రమే.

మా ఇంట్లో అందరిదీ అలీ పక్షమే. నాన్న గదిలో ఆయన ఫొటో ఉండేది. వియత్నాం యుద్ధానికి వెళ్లనన్నందుకు 1967లో ప్రపంచ ఛాంపియన్ టైటిల్ లాగేసుకున్నారని, మూడున్నరేళ్లు రింగులోకి రానివ్వలేదని నాన్న చెబుతుంటే కళ్లప్పగించి వినేవాళ్లం. ఆ గౌరవం నాకు ఇప్పటికీ తగ్గలేదు. కానీ ఆ కష్టకాలంలో అలీకి డబ్బు సర్దినవాడు, బాక్సింగ్ లైసెన్స్ తిరిగి ఇమ్మని అమెరికా ప్రెసిడెంట్ నిక్సన్‌ని అడిగినవాడు ఫ్రేజియరేనని నాన్న ఎప్పుడూ చెప్పలేదు. బహుశా ఆయనకీ తెలియదేమో.

తీరా ఇద్దరికీ పోటీ కుదిరాక అలీ ఏమన్నాడు? తెల్లవాళ్లకి ఊడిగం చేసే నల్లవాడన్నాడు. సౌత్ కరోలినాలో పేదరికంలో పుట్టి, ఫిలడెల్ఫియా కబేళాలో పనిచేసి పైకొచ్చిన మనిషిని! దానికి ఫ్రేజియర్ జవాబు 1971 మార్చి 8న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఉంది. పదిహేనో రౌండ్‌లో ఎడమచేత్తో పక్కనుంచి విసిరిన హుక్ దవడకి తగిలి అలీ వెల్లకిలా పడ్డాడు. తెల్ల బూట్లకున్న ఎర్ర కుచ్చులు గాల్లోకి లేచాయి. 1974లో జరిగిన రెండో పోరులో అలీ గెలిచాడు. మనీలాకి వచ్చేసరికి గొరిల్లా అన్నాడు, రబ్బరు గొరిల్లా బొమ్మ తెచ్చి విలేకరుల ముందు గుద్ది చూపించాడు. అందరూ నవ్వారు. టికెట్లు అమ్ముడుపోవడానికే అలా అన్నాడంటారు. అమ్ముడుపోయాయి సరే, పడ్డవాడి సంగతేంటి?

మధ్యాహ్నం భోజనం దగ్గర మా అమ్మాయి, "నాన్నా, బాబాయ్ ఫోన్ చేశాడు. ఆరోజు అన్నది మనసులో పెట్టుకోవద్దని నీకు చెప్పమన్నాడు" అంది. మూడేళ్ల కిందట వాడి గృహప్రవేశంలో, బంధువులందరి ముందు, నా సంపాదన గురించి వాడన్న మాట. ఆ ఇంటి లోన్‌కి హామీ సంతకం పెట్టింది నేనే. ముద్ద దిగలేదు.

మనీలా ఫైట్ అయ్యాక అలీ కూడా ఫ్రేజియర్ కొడుకు మార్విస్‌ని పిలిచి, నేనన్నవన్నీ మనసులోంచి వచ్చినవి కావని మీ నాన్నకి చెప్పు అన్నాడు. అప్పుడు ఆ పిల్లాడికి పదిహేనేళ్లు. నీకెందుకు చెప్పడం, నా దగ్గరికొచ్చి చెప్పాలి కదా అన్నాడట తండ్రి. 2001లో అలీ క్షమాపణ చెప్పాడు, అదీ న్యూయార్క్ టైమ్స్ పత్రికకి. అదే ఏడాది జూన్‌లో ఇద్దరి కూతుళ్లూ రింగులో తలపడ్డారు. పగ పిల్లల దాకా వచ్చింది.

1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో వణికే చేత్తో అలీ జ్యోతి వెలిగించినప్పుడు, నేనైతే ఆ మంటల్లోకి తోసేవాణ్ణి అన్నట్టు మాట్లాడాడు ఫ్రేజియర్. ఆ మాట చదివి చాలాకాలం ఆయన మీద మండిపడ్డాను. అది తప్పే, ఇప్పటికీ ఒప్పుకోను. కానీ ఆ మాట వెనక పాతికేళ్లుగా ఎదురుచూసిన మనిషి ఉన్నాడని ఇవాళ అన్నం ముందు కూర్చున్నప్పుడు తెలిసింది.

2011 నవంబర్‌లో ఫ్రేజియర్ పోయాడు. అంత్యక్రియలకి అలీ వచ్చాడు. నల్లకళ్లద్దాలు, ఒళ్లంతా నీరసం. అయినా లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. శవపేటికలో ఉన్న మనిషి అది చూడలేదు.

తమ్ముడికి ఇంకా ఫోన్ చేయలేదు. రాత్రి అమ్మాయి పడుకోబోయే ముందు మాత్రం దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను, మా ఇద్దరి మధ్య మాటలు ఇకమీదట నువ్వు మొయ్యొద్దమ్మా అని. సరేనంది. దానికీ పదిహేనేళ్లే.