ఆరో ప్లగ్గు

నా పికప్ ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్గులు మారుస్తుంటే, ఆరో ప్లగ్గు దగ్గర రెంచి బిగుసుకుపోయింది. నా ఊపిరీ ఆగింది.

బలవంతం చేయలేదు. ఇంజను పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టాను. అయినా ప్లగ్గులు బిగించి ఉండే ఇంజను పైభాగం, ఆ అల్యూమినియం హెడ్డులో మరలు ఒక్కసారి చెడితే, అది ప్లగ్గుతో పోయే ఖర్చు కాదు. చుట్టూ నాలుగు చుక్కలు నూనె వేసి, అరగంట ఆగి, కొద్దికొద్దిగా ముందుకూ వెనక్కూ తిప్పుతూ వచ్చాను. చివరికి కదిలింది.

గేజి పెట్టి చూస్తే కొనల మధ్య సందు 1.4 మిల్లీమీటర్లు. కొత్తదానికి 0.9. సూపర్‌చార్జర్ గాలిని కుక్కి నింపే ఇంజనులో, అంత సందును నిప్పురవ్వ దాటాలంటే, ప్లగ్గుకు కరెంటు అందించే కాయిల్ మీద ఎంత భారం! గట్టిగా తొక్కినప్పుడల్లా బండి తడబడింది ఇందుకే. ఇన్నాళ్లూ నేను పెట్రోలును అనుమానించాను.

బెల్టు కూడా మార్చాను, దాన్ని బిగువుగా ఉంచే పుల్లీతో సహా. పాత పుల్లీని వేలితో తిప్పితే లోపల బేరింగు గరగరలాడింది. దీన్ని వదిలేసి బెల్టు ఒక్కటే మార్చేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ.

2,40,000 కిలోమీటర్లు తిరిగిన పికప్ ఇది. సాయంత్రం తాళం తిప్పగానే ఎనిమిది సిలిండర్లూ ఒకే గొంతుతో పలికాయి. ఇంజను ఆపబుద్ధి కాక, కాసేపు బానెట్ పక్కనే నిలబడిపోయాను.