అమ్మకి రాసిన మాత్ర

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి నాన్న పొద్దుటి పప్పు వెచ్చబెడుతున్నారు. అమ్మ పడుకునే ఉంది. తిన్నావా అంటే "ఆకలి లేదే" అంది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోందట. ఈసారి కార్తీక మాసంలో గుడికి కూడా వెళ్ళలేదు.

మొన్న సైకియాట్రిస్టు గారు డిప్రెషన్ తగ్గడానికి ఎస్సిటాలోప్రామ్ అనే మాత్ర రాశారు. ముందు 5 మిల్లీగ్రాములు, పడితే 10. పెద్దవాళ్ళకి అంతకు మించి ఇవ్వరట, గుండె లయ మీద ప్రభావం ఉంటుందని. ఈసీజీ బాగానే ఉంది.

నన్ను భయపెడుతున్నది సోడియం. అమ్మ బీపీ మాత్రలో నీరు లాగే మందు కూడా ఉంది. దానికి ఈ కొత్త మాత్ర తోడైతే పెద్దవాళ్ళకి రక్తంలో సోడియం పడిపోవచ్చు. పడిపోతే తికమక, తూలడం. ఈ వయసులో జారిపడి తుంటి విరిగితే ఇక మంచమే. పైగా ఆస్పిరిన్ కూడా వేసుకుంటోంది, దానితో ఈ మాత్ర కలిస్తే రక్తస్రావం ముప్పు కాస్త పెరుగుతుంది. ఇవన్నీ డాక్టరు గారే దాచకుండా చెప్పారు. ముందు సోడియం చూసి, మొదలుపెట్టిన రెండు వారాలకు మళ్ళీ చూద్దామన్నారు.

పిన్ని ఫోన్ చేసింది. "అలాంటి మందులు మొదలుపెడితే జీవితాంతం మానలేరటే!" క్లోనాజెపామ్ లాంటి నిద్రమాత్రల విషయంలో ఆ భయం నిజమే, అందుకే నిద్రకేమైనా ఇవ్వమంటే డాక్టరు గారు వద్దన్నారు. ఇది అలా అలవాటయ్యే మందు కాదు. కానీ ఉన్నట్టుండి ఆపేస్తే కళ్ళు తిరగడం, చిరాకు, తలలో కరెంటు కొట్టినట్టు అనిపించడం ఉంటాయి. అందుకే మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. నయమయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. పిన్నికి ఇదంతా చెప్పాను, ఎంతవరకు నమ్మిందో.

2018లో లాన్సెట్ పత్రికలో వచ్చిన విశ్లేషణ చూశాను. 522 ప్రయోగాలు, డిప్రెషన్‌కి వాడే 21 మందులు. అన్నీ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగే, తేడా మాత్రం మోస్తరు. అందరికీ పనిచేస్తుందన్న హామీ లేదు. వికారం, గాభరా మొదటి వారంలోనే రావచ్చు, మనసు తేలికపడటానికి మాత్రం వారాలు పడుతుంది. ఆ మధ్య రోజులే నెగ్గుకురావాలి.

మందు వేసుకుంటే వచ్చే నష్టాలను అందరూ లెక్కపెడుతున్నారు. వేసుకోకపోతే ఏమవుతుందో ఒక్కరూ అడగలేదు. అమ్మ జాకెట్లన్నీ వదులైపోయాయి. నిన్న "నేనుండి ఏం లాభం" అంది. డాక్టరు గారికి వెంటనే చెప్పాను, మానసిక సాయం కోసం ఫోన్ చేసే టెలీ మానస్ నంబరు 14416 నాన్న ఫోన్లో కూడా పెట్టాను. సోడియం పడిపోతే రక్తపరీక్షలో తెలుస్తుంది, సరిచేయొచ్చు. ఆ మాట వెనక ఏముందో ఏ పరీక్షలోనూ కనిపించదు.

రాత్రి అమ్మ పక్కన కూర్చుని అన్నీ చెప్పాను, భయాలతో సహా. "వేసుకుంటే నిద్ర పడుతుందా?" అంది. వెంటనే కాదమ్మా, కొన్నాళ్ళు పడుతుంది అన్నాను. "సరే, టిఫిన్ అయ్యాక ఇవ్వు" అంది. రేపు పొద్దున ల్యాబ్‌కి వెళ్ళాలి. సోడియం రిపోర్టు బాగుంటే ఎల్లుండి నుంచి మొదలు. మాత్రల పెట్టె నాన్న దగ్గరే ఉంటుంది.