జీఎస్-1 (జనరల్ స్టడీస్ మొదటి పేపర్) ప్రపంచ చరిత్ర: యుద్ధానంతర జపాన్‌ను నేను చదివిన తీరు

సివిల్స్ మెయిన్స్‌లో ప్రపంచ చరిత్ర అనగానే మనలో చాలామంది 1945 దగ్గర పుస్తకం మూసేసి, ఆ తర్వాతి కాలాన్ని ప్రచ్ఛన్న యుద్ధం, వలస విముక్తి అనే రెండు శీర్షికలతో సరిపెట్టుకుంటారు. సిలబస్‌లో మాత్రం కమ్యూనిజం, పెట్టుబడిదారీ విధానం, సోషలిజం వంటి సిద్ధాంతాలతో పాటు సమాజంపై వాటి ప్రభావం కూడా ఉంది. ఆ ప్రభావాన్ని చూపాలంటే ఒక్క దేశాన్నయినా లోతుగా తెలుసుకోవాలన్న ఉద్దేశంతో నేను జపాన్‌ను ఎంచుకున్నాను.

నోట్సు పేజీని నిలువుగా మడిచి, ఎడమ పక్క పైనుంచి వచ్చిన నిర్ణయాన్ని, కుడి పక్క అది ఎవరి బతుకులో ఏం మార్చిందో రాసుకునేవాణ్ణి. 1947 మే 3న కొత్త రాజ్యాంగం అమల్లోకి వచ్చిందని ఎడమ పక్క ఉంటే, సార్వభౌముడైన చక్రవర్తి జాతి ఐక్యతకు చిహ్నంగా మిగలడం, 24వ అధికరణం భార్యాభర్తలకు సమాన హక్కులివ్వడం, పౌర స్మృతి సవరణతో ఇంటి పెద్ద పెత్తనానికి చట్టబలం పోవడం కుడి పక్కకు చేరేవి. మహిళలు తొలిసారి ఓటేసిన 1946 ఏప్రిల్ ఎన్నికల్లో 39 మంది మహిళలు గెలిచారన్న అంకె కూడా అక్కడే ఉండేది.

ఎక్కువ సమయం భూసంస్కరణలకు ఇచ్చాను; మిమ్మల్నీ ఇవ్వమనే అంటాను. ఊళ్లో ఉండని భూస్వాముల కౌలు భూమి మొత్తాన్ని, ఊళ్లో ఉండేవారి కౌలు భూమిలో చాలా ప్రాంతాల్లో సుమారు ఒక హెక్టారు మించినదాన్ని ప్రభుత్వం కొని సాగుదారులకు అమ్మింది. ధర ముందే ఖరారు కావడంతో, ద్రవ్యోల్బణం పెరిగేకొద్దీ కౌలుదారు కట్టవలసిన మొత్తం నామమాత్రమైంది. అమలు చేసిన స్థానిక కమిటీల్లో ఐదుగురు కౌలుదారులు, ముగ్గురు భూస్వాములు, ఇద్దరు సొంత రైతులు ఉండేవారు. ఏ మడిని నిజంగా ఎవరు దున్నుతున్నారో ఆ పదిమందికీ తెలుసు. సాగుభూమిలో సగానికి దగ్గరగా ఉన్న కౌలు వాటా 1950 నాటికి పదో వంతుకు పడిపోయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1973 నాటి భూ గరిష్ఠ పరిమితి చట్టానికి బినామీలు, కాగితాల మీది పంపకాలు ఎలా గండి కొట్టాయో తెలిసిన మనకు ఈ పోలిక జీఎస్-3లోనూ అక్కరకొస్తుంది.

1947 ఫిబ్రవరి 1న జరగవలసిన సార్వత్రిక సమ్మెను ఆక్రమణ సేనల అధిపతి, అమెరికా జనరల్ మెకార్థర్ నిషేధించడం, 1950లో కొరియా యుద్ధపు ఆర్డర్లు పరిశ్రమలకు ఊపిరి పోయడం, 1952లో అమెరికా నాయకత్వంలోని మిత్రరాజ్యాల ఆక్రమణ ముగియడం గురించి తలా ఒక వాక్యం చాలు. జపాన్‌తో శాంతి ఒప్పందం కోసం జరిగిన శాన్‌ఫ్రాన్సిస్కో సమావేశానికి వెళ్లని భారత్, 1952 జూన్‌లో నష్టపరిహారం కోరకుండా విడిగా శాంతి ఒప్పందం చేసుకున్న సంగతి మాత్రం వదలకండి.

నా దృష్టిలో మలుపు 1960. అమెరికాతో భద్రతా ఒప్పందాన్ని సవరించిన ప్రధాని కిషి, మే 19 రాత్రి స్పీకర్‌ను అడ్డుకున్న సోషలిస్టు సభ్యులను పోలీసులతో మోయించి, అర్ధరాత్రి దాటాక సొంత పార్టీ ఓట్లతోనే ఆమోదింపజేసుకున్నారు. విద్యార్థులు, కార్మిక సంఘాలు, అంతవరకు ఊరేగింపు ఎరగని గృహిణులు కూడా వీధుల్లోకి వచ్చారు. జూన్ 15న ఒక విద్యార్థిని ప్రాణాలు కోల్పోయింది, అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పర్యటన రద్దయింది, కిషి దిగిపోయారు, ఒప్పందం మాత్రం నిలిచింది. తర్వాత వచ్చిన ప్రధాని ఇకెడా పదేళ్లలో జాతీయాదాయాన్ని రెట్టింపు చేస్తామంటూ, జనం చూపును ఒప్పందం మీద నుంచి జీతం మీదకు మళ్లించారు. గైడ్లన్నీ దీన్ని ఆర్థికాద్భుతం అనే అధ్యాయంలో పడేస్తాయి. నేనైతే రాజకీయ వ్యూహంగానే రాస్తాను. 1955లో ఏర్పడిన లిబరల్ డెమోక్రటిక్ పార్టీ 1993 దాకా అధికారం వదలకపోవడానికి ఎదుటివారి డిమాండ్లను కొంత ఆలస్యంగానైనా తనవి చేసుకునే ఈ నేర్పు ఒక ప్రధాన కారణం.

ప్రశ్న అభివృద్ధి గురించే అడిగినా, పారిశ్రామిక కాలుష్యానికి బలైన మినమాటా పట్టణం గురించి రాయండి. అక్కడ పాదరసపు విషం సోకినవారిని 1956లోనే గుర్తించినా, కర్మాగారపు వ్యర్థాలే కారణమని ప్రభుత్వం 1968లో గానీ ఒప్పుకోలేదు. బాధితుల పోరాటాలు, స్థానిక ఎన్నికల్లో ఎదురుగాలి కలిసొచ్చాకే 1970 చివర పార్లమెంటు ఒకే సమావేశంలో 14 కాలుష్య చట్టాలను ఆమోదించింది. 250 పదాల జవాబులో ఈ మూడు సంవత్సరాలకు రెండు వాక్యాలు చాలు.