ఆషాఢంలో ఒక బుధవారం వంట

పొద్దున లేవగానే బరువు చూసుకున్నాను. 69 కిలోల 300 గ్రాములు. పోయిన బుధవారం కంటే 400 గ్రాములు ఎక్కువ. సంక్రాంతి వెళ్ళాక బరువు తగ్గాలని మొదలుపెట్టినప్పుడు 76 ఉండేది.

మొదట్లో ఇలాంటి అంకె కనబడితే ఆ రోజంతా ఉసూరుమంటూ గడిచేది. ఇప్పుడు టెన్షన్ పడను. ఆదివారం ఆడపడుచు వాళ్ళింట్లో పులిహోర, ఆవకాయ, అప్పడాలు, సాయంత్రం కాఫీతో కారప్పూస తిన్నాం. ఉప్పు ఎక్కువ పడ్డప్పుడు రెండు మూడు రోజులు ఒంట్లో నీరు నిలుస్తుంది. కిలో కొవ్వు చేరాలంటే మన అవసరానికి మించి దాదాపు 7,700 కేలరీలు తినాలి, ఒక్క పూట భోజనానికి అది జరగదు. అందుకే వారానికి ఒక్కసారే, ఒకే వేళకి చూసుకుంటాను. నెల మొత్తం మీద అంకె కిందికి వస్తోందా లేదా అన్నదే నాకు లెక్క. దానికంటే నడుము కొలతని ఎక్కువ నమ్ముతాను. ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. నేనింకా దాటే ఉన్నాను గానీ, పండక్కి కుట్టించుకున్న జాకెట్టు ఇప్పుడు వదులైంది.

టిఫిన్‌కి పెసరట్టు. పెసలు రాత్రే నానబోశాను. ఇదివరకు అట్టు చుట్టూ నూనె పోసి, మధ్యలో మళ్ళీ చెంచాడు పోసేదాన్ని. ఇప్పుడు పాత ఇనప పెనాన్ని బాగా కాగనిచ్చి, సగానికి కోసిన ఉల్లిపాయని నూనెలో ముంచి రుద్దుతాను. పెనం సరిగ్గా కాగితే అట్టు దానంతటదే అంచు లేస్తుంది, తొందరపడి గరిట పెడితేనే చిరుగుతుంది. అల్లప్పచ్చడిలో బెల్లం తగ్గించి, అల్లం, పచ్చిమిర్చి పెంచాను. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. మూడు అట్లు తిని కాలేజీకి పోయింది. తనకి వేరే, నాకు వేరే చెయ్యలేదు. ఇంట్లో నలుగురం తినేది ఒకటే.

ఈ ఆరు నెలల్లో నాకు బాగా తెలిసింది ఇదే. నాకోసం ఒక ప్రత్యేకమైన గిన్నె పెట్టుకుని అందులో చప్పిడి కూర వండుకుంటే అది పది రోజులు కూడా నిలవదు. పక్కన అందరికీ దొండకాయ వేపుడు ఘుమఘుమలాడుతుంటే నేనొక్కదాన్నే ఉడకబెట్టిన ముక్కలు తింటే, తిన్నంతసేపూ శిక్ష పడ్డట్టే ఉంటుంది. ఇంటి వంటే మారాలి. అదీ ఇంట్లో అందరూ ఇష్టంగా తినేలా మారాలి.

మారింది ముఖ్యంగా నూనె. నలుగురికి నెలకి ఆరు లీటర్లు పట్టేది, ఇప్పుడు మూడున్నర. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 2024లో కొత్త ఆహార సూచనలు తెచ్చారు. అందులో 2,000 కేలరీల తిండి తినే మనిషికి రోజుకి ఏవి ఎంతెంతో గ్రాముల్లో ఇచ్చారు. కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400, బియ్యం, గోధుమలు, జొన్నల లాంటివన్నీ కలిపి 250, పప్పులు 85, పల్లీలు, నువ్వుల లాంటి గింజలు 35, పండ్లు 100, పాలూ పెరుగూ కలిపి 300 మిల్లీలీటర్లు, నూనెలు 27 గ్రాములు. ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపు మీద అంటించాను. లెక్కల టీచర్ని కాబట్టి అంకెలు కళ్ళముందుంటే నాకు పని తేలిక. మా పాత ఆరు లీటర్లని మనిషికీ రోజుకీ పంచితే 46 గ్రాములు వచ్చింది. ఇప్పటి మూడున్నర లీటర్లు దాదాపు సరిగ్గా 27కి వస్తాయి. గ్రాము నూనెకి 9 కేలరీలు. అంటే రోజుకి మనిషికి 170 కేలరీల దాకా తగ్గాయి. ఒక్క ముద్ద అన్నం తగ్గించకుండానే ఇంత తేడా!

నేను చేసే పని చిన్నది. పొద్దున్నే నలుగురికీ ఆ రోజుకి సరిపడా నూనె, అంటే సుమారు 115 మిల్లీలీటర్లు, ఒక స్టీలు గ్లాసులో పోసి పొయ్యి పక్కన పెడతాను. పోపులు, వేపుడు, అట్లు అన్నీ ఆ గ్లాసులోంచే. డబ్బా మళ్ళీ మర్నాడు పొద్దున దాకా తెరవను. ప్రతి కూరకీ ఎంత పొయ్యాలా అని ఆలోచించనక్కర్లేదు. వేపుడు చెయ్యాలనుకున్న రోజు మిగతావి పులుసుగానో, పెరుగు పచ్చడిగానో మారిపోతాయి. నా సంకల్పం కంటే ఆ గ్లాసు గట్టిది. ఎవరైనా ఎలా మొదలుపెట్టాలని అడిగితే ముందు ఇదే చెబుతాను.

ఈ రోజు మునగాకు వండాను. ఆషాఢంలో మునగాకు తినాలని అత్తయ్యగారి పట్టు. రాత్రే కాడల నుంచి దూసి తడిగుడ్డలో చుట్టి పెట్టారు. పెసరపప్పు పలుకుగా ఉడికించి, ఆకు విడిగా మగ్గబెట్టి, రెండు చెంచాల నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి వేసి కలిపాను. చివర్లో చారెడు కొబ్బరి కోరు. మునగాకుకి వెల్లుల్లి ముఖ్యం, అది లేకపోతే పసరు వాసన అలాగే ఉండిపోతుంది. పక్కన టమాటా చారు, మజ్జిగ.

క్యారేజీలో గిన్నెలు తారుమారు చేసి చాలా రోజులైంది. పెద్ద గిన్నెలో కూర, చిన్న గిన్నెలో అన్నం. స్టాఫ్ రూమ్‌లో మొదట అందరూ వింతగా చూశారు. ఈ రోజు సైన్స్ టీచర్ నా కూర కొంచెం వేసుకుని, "ఏం డైటండీ మేడమ్ ఇది?" అని అడిగారు. మునగాకు పెసరపప్పండీ, మన ఇళ్ళల్లో ఎప్పుడూ ఉండేదే అన్నాను. ఆవిడకి షుగర్ బోర్డర్‌లో ఉందట. అన్నం మానేసి కొర్రలు, అండుకొర్రలు తింటే తగ్గిపోతానా అని అడిగారు. చిరుధాన్యాల్లో పీచు ఎక్కువ, తొందరగా ఆకలెయ్యదు, తినడం మంచిదే. కానీ కేలరీల లెక్కలో బియ్యానికీ వాటికీ పెద్ద తేడా లేదు, రెండూ వంద గ్రాములకి దాదాపు 350 దగ్గరే ఉంటాయి. కొర్రన్నం కదా అని కంచం నిండా పెట్టుకుంటే బరువు తగ్గరు. ఏ అన్నమైనా కొలత ఉండాలి, పక్కన పప్పు, కూర ఎక్కువుండాలి అని చెప్పాను. మందులు వాడుతూ తిండి బాగా మార్చేటప్పుడు డాక్టరుకి ముందే చెప్పమని కూడా అన్నాను. ఆవిడ తెచ్చిన పూతరేకు ఒకటి తిన్నాను. ఆత్రేయపురం పూతరేకు, నెయ్యి, బెల్లంతో చేసింది. మెల్లగా, బాగా ఆస్వాదించి తిన్నాను. మనసుకి నచ్చినదాన్ని ఒకటి తినడానికీ, ఆలోచన లేకుండా నాలుగు తినడానికీ తేడా ఉంది.

స్కూలు నుంచి వస్తూ పటమట రైతుబజార్లో ఆగాను. లేత బీరకాయలు, పొట్లకాయలు, గోంగూర, నల్ల వంకాయలు తీసుకున్నాను. సంచి బరువుగా ఉంటే నాకు సంతోషం. నలుగురికి రోజుకి కిలోన్నర పైనే కూరగాయలు కావాలి, మేం ఇదివరకు అరకిలోతో సరిపెట్టుకునేవాళ్ళం.

అసలు గండం సాయంత్రం ఐదు గంటలకి వస్తుంది. బెజవాడలో ఆ వేళకి ఏ సందు మలుపు తిరిగినా పునుగుల బండి ఉంటుంది, మా వారికి వాటి మీద ప్రాణం. వాసన వస్తుంటే ధైర్యంగా దాటిపోవడం గురించి నేను ఎవరికీ పాఠాలు చెప్పను. ఆకలితో ఆ దారిన వెళ్ళకుండా ఉండటమే మంచి పని. అందుకే బ్యాగులో ఉడికించిన శనగలు పెట్టుకుంటాను. బడి వదలగానే, బజారుకి వెళ్ళకముందే తినేస్తాను. ఇంటికొచ్చాక మా వారికి కూడా అవే, కాస్త ఉల్లిపాయ, పచ్చి మామిడి, నిమ్మరసం కలిపి ఇస్తాను. పునుగులు నెలకి రెండు సార్లు, ఆదివారం, అందరం కలిసి వెళ్ళి తింటాం. ఆయన అందుకు ఒప్పుకున్నారు, మాట నిలబెట్టుకుంటున్నారు. ఆయనకి బీపీ ఉంది. పోయినసారి డాక్టరు మందు పెంచకుండా ఇంకో మూడు నెలలు చూద్దామన్నారు. ఆ మాట విన్న రోజు నాకు కలిగిన బలం ఏ అంకె చూసినప్పుడూ కలగలేదు.

రాత్రికి వంకాయ. గుత్తి వంకాయ నూనెలో మగ్గితేనే రుచి, అందులో వాదన లేదు. దానికి పండగ రోజులున్నాయి. ఈ రోజు పొయ్యి మంట మీద కాల్చాను. తొక్క నల్లబడి, లోపల మెత్తబడ్డాక అత్తయ్యగారు రోట్లో పచ్చిమిర్చి, చింతపండు, జీలకర్ర, ఉల్లిపాయతో దంచారు. మిక్సీ వద్దన్నారు, మెత్తటి ముద్దయిపోతుందని. పోపుకి పట్టింది ఒక్క చెంచా. పుల్కాలు, దోసకాయ పప్పు, ఆ పచ్చడి.

అత్తయ్యగారి గురించి రాయాలి. మొదటి నెలలో ఆవిడకి నా మీద కోపంగా ఉండేది. "నూనె లేని కూర జ్వరమొచ్చినవాళ్ళకి పెడతారమ్మాయ్, ఇంట్లో అందరికీ కాదు" అనేవారు. ఆవిడది అవనిగడ్డ వైపు ఒక పల్లెటూరు. ఒకరోజు నేను అడిగాను, మీ చిన్నప్పుడు ఇంత నూనె ఉండేదా అత్తయ్యా అని. ఆవిడ చాలాసేపు చెప్పారు. నువ్వుల నూనె గానుగ దగ్గర గిద్దె లెక్కన తెచ్చుకునేవారట. పదిమంది ఉన్న ఇంట్లో పోపుకి చిన్న గరిటెడు, అంతే. రోజూ ఒక పప్పు, ఒక పులుసుకూర, ఒక రోటి పచ్చడి, చారు, మజ్జిగ. వేపుళ్ళు అప్పుడప్పుడు. బూరెలు, గారెలు, అరిసెలు పండక్కీ, పెళ్ళికీ. అరటికాయకి ఆవ పెట్టేవారు, పొట్లకాయలో పాలు పోసి వండేవారు, ఆనపకాయకి నువ్వుల పొడి చల్లేవారు. రుచి కోసం నూనెని నమ్ముకోలేదు, ఆవపిండినీ చింతపండునీ వెల్లుల్లినీ నమ్ముకున్నారు. ఇవన్నీ చెబుతూ చెబుతూ ఆవిడే ఆగి, "అయితే నువ్వు చేసేది మా అమ్మ వంటేనన్నమాట" అన్నారు.

ఆ రోజు నుంచి వంటింట్లో నేను ఒంటరిదాన్ని కాదు. వారంలో ఏ రోజు ఏ కూరో ఇప్పుడు ఆవిడే చెబుతారు. నాకు తెలియని పులుసుకూరలు, ఆకుల పచ్చళ్ళు చెయ్యడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. చాలామంది మోటివేషన్ ఎలా నిలుపుకుంటున్నావని అడుగుతారు. నాకున్న ఒక్క సమాధానం ఆవిడే. రోజూ పక్కన నిలబడి "ఇవాళ పొట్లకాయ పెరుగు పచ్చడి చేద్దామా" అని అడిగే మనిషి ఉంటే, ఉత్సాహం ప్రతి ఉదయం కొత్తగా తెచ్చుకోనక్కర్లేదు. అలాంటి మనిషి లేనివాళ్ళు వాళ్ళమ్మకి ఒక ఫోన్ చేసి, నూనె తక్కువ పట్టే కూరలు అడిగి చూడాలని నా కోరిక. అడిగితే అమ్మలు ఎంత సంబరంగా చెబుతారో!

భోజనాలు ఎనిమిదికి అయ్యాయి. తరువాత మా వారూ నేనూ బందరు కాలువ వైపు అరగంట నడిచాం. వాన తుంపర పడి గాలి చల్లగా ఉంది. మా అపార్టుమెంటులో లిఫ్టు పాడై రెండు రోజులైంది, మూడో అంతస్తు దాకా మెట్లెక్కాం. జనవరిలో రెండో అంతస్తు దగ్గర ఆగి, గోడ పట్టుకుని, మోకాలు నొక్కుకునేదాన్ని. ఇప్పుడు మాట్లాడుకుంటూ ఎక్కేశాం.

నా ఎత్తుకి 64 కిలోల దగ్గర బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంత తగినదో చెప్పే అంకె, 25కి వస్తుంది. మన దేశంలో వాడే కొలతల ప్రకారం 25 నుంచీ ఊబకాయమే, 23 దాటితే చాలు అధిక బరువే. కాబట్టి ముందు 64 లోపుకి రావాలి, ఆ తరువాతి సంగతి తరువాత. తొందర లేదు. నెలకి కిలో చొప్పున వస్తున్న దారి ఇదే అయితే ఈ దారిలోనే వెళతాను, ఎందుకంటే ఈ తిండితో నేను జీవితాంతం ఉండగలను.

శ్రావణం వస్తోంది. వరలక్ష్మీ వ్రతం నాడు బూరెలు, గారెలు, పులిహోర, పరమాన్నం అన్నీ ఉంటాయి. అత్తయ్యగారు ఇప్పుడే చెప్పేశారు, "ఆ రోజు నీ గ్లాసు లోపల పెట్టెయ్యమ్మాయ్" అని. సరేనన్నాను. అమ్మవారికి నైవేద్యం పెట్టేటప్పుడు కొలతలు నాకూ ఇష్టం లేదు. ఆ ఒక్క పూట నిండుగా తిని, మర్నాటి నుంచి మళ్ళీ గ్లాసు తీస్తాను.

ఇక మిగిలింది ఉప్పు. రోజుకి మనిషికి 5 గ్రాములు మించకూడదంటారు, అంటే ఒక చిన్న చెంచా. కొత్త ఆవకాయ, మాగాయ రెండు జాడీల నిండా ఉన్న ఇంట్లో అది నూనె కంటే కష్టమైన పని. వచ్చే వారం మా వారికి మళ్ళీ పరీక్షలున్నాయి. ఈలోపు ఊరగాయ మధ్యాహ్నం ఒక్కపూటే అన్న నియమం రేపటి నుంచి మొదలుపెట్టాలని నలుగురం అనుకున్నాం. మా అమ్మాయి మాత్రం మాగాయ విషయంలో ఇంకా ఒప్పుకోలేదు.