ఒరలో ఉన్నప్పుడే మొదలయ్యే ఆట

టోక్యోలో త్సుబాసా అనే షింకాన్‌సెన్ (అతివేగ రైలు) ఎక్కి మురయామాలో దిగాను. యామాగాతా ప్రాంతంలోని ఈ ఊళ్లో హయాషిజాకి ఇయాయి గుడి ఉంది. పదహారో శతాబ్దంలో హయాషిజాకి జిన్‌సుకె తండ్రిని చంపినవాడి మీద పగ తీర్చుకోవడానికి ఇక్కడి దేవుణ్ణి వేడుకున్నాడనీ, ఒరలోంచి దూస్తూనే నరికే విద్య అలా అతనికి స్ఫురించిందనీ చెప్పుకుంటారు. ఆ విద్యే ఇయాయి.

సమురాయ్‌ల ద్వంద్వయుద్ధం మీద ఒక ట్రేడింగ్ కార్డ్ ఆట (కార్డులు సేకరించుకుని, మార్చుకుని ఆడేది) తయారుచేస్తున్నాను. ఇలాంటి ఆటల్లో కత్తి పేరుతో వచ్చే కార్డుల్లో చాలావాటికి ఉండేది ఒక పెద్ద దాడి అంకె, అంతే. నాకది చాలదు. 1995లో వచ్చిన 'లెజెండ్ ఆఫ్ ద ఫైవ్ రింగ్స్' అనే కార్డ్ ఆటలో ద్వంద్వయుద్ధం నాకు చాలా ఇష్టం. ఇద్దరూ వంతులవారీగా ఒక్కో కార్డు బోర్లించి బలం కూడగట్టుకుంటారు, ఎవరో ఒకరు 'కొట్టు' అనేదాకా. అందులో భయమంతా కత్తి దూయక ముందే ఉంటుంది. మరి దూశాక సంగతేమిటి? ఆ ప్రశ్నతోనే వచ్చాను.

ఊళ్లో ఒక శిక్షకుడి దగ్గర కాసేపు సాధన చేసే వీలు దొరికింది. చేతికి పదును లేని కత్తి ఇచ్చారు. మోకాళ్లు మడిచి కూర్చోవాలి. ఎడమ బొటనవేలితో పిడి కాపును కాస్త ముందుకు నెడితే ఒర పట్టు వదులుతుంది. కుడిచేయి కత్తిని లాగుతుంటే ఎడమచేయి ఒరను వెనక్కి లాగాలి. దూయడం, అడ్డంగా కోయడం ఒకే కదలిక. వెంటనే తలపైకెత్తి నిలువునా ఒక వేటు. ఆపైన నెత్తురు విదిలించే చిబురి, చివరికి కత్తిని ఒరలో పెట్టే నోతో.

నన్ను కట్టిపడేసింది నోతోనే. చేతులు ఒర నోటిని తడుముకుంటూ కత్తిని మెల్లగా లోపలికి పంపుతున్నా, చూపు మాత్రం పడిపోయిన శత్రువు మీదే ఉండాలి. ఆ సడలని ఎరుక పేరు జన్‌షిన్. నా కళ్లు ఒరవైపు వాలినప్పుడల్లా సెన్సెయ్ (గురువుగారు) నన్ను ఆపి, తన రెండు వేళ్లతో ఎదుటి గోడను చూపించేవారు. వెదురు కత్తులతో ఆడే కెండోలోనూ ఇంతే: దెబ్బ చక్కగా తగిలినా జన్‌షిన్ లేకపోతే పాయింటు రాదు. గెలిచానని గంతులేస్తే ఇచ్చిన పాయింటునూ రద్దు చేయవచ్చు. ఆటల నియమాల్లో ఇంత గొప్పది నేనింకోటి చూడలేదు!

తిరుగు రైల్లో నా ఆటకూ అలాంటి నియమమే రాసుకున్నాను. వేటు వేసిన ఆటగాడి చేతిలో కనీసం ఒక కార్డు మిగలాలి. ఎదుటివాడి చివరి జవాబు అయ్యాక దాన్ని తిప్పి చూపిస్తేనే వేటు చెల్లుతుంది. ఉన్నదంతా గుమ్మరించి కొట్టినవాడికి ఏమీ దక్కదు.

టోక్యో చేరాక ర్యోగొకులోని కత్తుల మ్యూజియానికి వెళ్లాను. 2018లో ఇక్కడికి మారింది. అక్కడ పిడి తీసేసిన కత్తులను వట్టి అలుగులుగా దీపాల కింద ఉంచుతారు. కాస్త వంగి చూస్తే అంచు వెంబడి హమోన్ అనే తెల్లటి అలల గీత కనిపిస్తుంది. ఒక్కో అలుగుకు ఒక్కో తీరు. నా కార్డుల మీద యోధుల ముఖాలు వేయించాలనుకున్న ఆలోచన అక్కడే మానేశాను. ప్రతి కార్డుకూ ఒక హమోన్ ఉంటుంది, ఆ గీతను బట్టే కార్డును గుర్తుపట్టాలి. ఇక తేల్చాల్సింది మొదట చేతికి ఎన్ని కార్డులు పంచాలన్నది. ఐదుతో ఆడి చూస్తాను.